కట్టులేని కొలువు: బ్రిటిష్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ల వలస చరిత్ర

బ్రిటన్ ఫుట్‌బాల్‌లో ఒక చిన్న పట్టణపు క్లబ్బు తన స్తోమతకు మించి గెలవడం మొదలుపెట్టినప్పుడల్లా, ఆ పట్టణపు అభిమానులకు సంబరంతో పాటే ఒక దిగులూ పట్టుకుంటుంది. ఈ గెలుపులకు కారకుడైన మేనేజర్‌ను ఏ పెద్ద క్లబ్బు వచ్చి ఎగరేసుకుపోతుందో అన్నదే ఆ దిగులు. క్రికెట్ జట్టు వెంట వెళ్లి ప్రయాణ, బస ఏర్పాట్లు చూసే మేనేజర్‌కూ, ఇక్కడ చెప్పే ఫుట్‌బాల్ మేనేజర్‌కూ పోలిక లేదు. ఫుట్‌బాల్ మేనేజర్ అంటే బరిలోకి దిగే పదకొండుగురిని ఎంచి, ఆటతీరును నిర్ణయించి, సాధన చేయించి, ఎవరిని కొనాలో ఎవరిని వదులుకోవాలో కూడా చాలాకాలం పాటు తానే తేల్చిన సర్వాధికారి. అటువంటి మనిషి వెళ్లిపోతాడేమోనన్న భయాన్ని టెలివిజన్ డబ్బు తెచ్చిపెట్టిన కొత్త జబ్బుగా చాలామంది భావిస్తారు గాని, అది లీగ్ పోటీలంత పాతది. దాని మూలం మనుషుల కృతఘ్నతలో కంటే, ఆటగాణ్ణి కట్టిపడేసి మేనేజర్‌ను మాత్రం వదిలేసిన తొలినాటి నిబంధనల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

డబ్బు తీసుకుని ఆడటాన్ని ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ 1885లో అనుమతించగా, మూడేళ్లకు, 1888లో, 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ ఏర్పడింది. సంపన్న క్లబ్బులు మంచి ఆటగాళ్లందరినీ పోగుచేసుకుంటే పోటీలో పస ఉండదని గ్రహించిన నిర్వాహకులు కాలక్రమంలో రెండు కట్టుబాట్లు విధించారు. మొదటిది 1893 నుంచి అమలైన ‘రిటైన్ అండ్ ట్రాన్స్‌ఫర్’ పద్ధతి. ఒప్పందం గడువు తీరిపోయినా సరే, పాత క్లబ్బు ఒప్పుకుంటే తప్ప ఆటగాడు లీగ్‌లోని మరో క్లబ్బుకు ఆడటానికి వీల్లేదన్నది దాని సారాంశం. రెండోది 1901లో వచ్చిన గరిష్ఠ వేతన నిబంధన. ఎంతటి ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వరాదని అప్పుడు నిర్ణయించారు. ఈ రెండు కట్టుబాట్లూ మేనేజర్ల జోలికి పోలేదు. అప్పటికి వారిని ‘సెక్రెటరీ’ లేదా ‘సెక్రెటరీ మేనేజర్’ అనేవారు. ఉత్తరప్రత్యుత్తరాలు, లెక్కాపత్రాలు, మైదానపు బాగోగులు చూసే కచేరీ ఉద్యోగులుగానే వారిని పరిగణించడం వల్ల, వారి రాకపోకలనూ జీతాలనూ నియంత్రించవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆటగాడి జీతం పెంచి ఆశపెట్టే దారి మూసుకుపోయిన చోట, ఆటగాళ్లను తీర్చిదిద్దే మనిషికి ఎంతైనా ఇచ్చి తెచ్చుకునే దారి ఈ విధంగా తెరిచే ఉండిపోయింది.

ఆ దారిలో మొదట నడిచిన ప్రముఖుడు టామ్ వాట్సన్. ఇంగ్లండు ఈశాన్య తీరాన నౌకా నిర్మాణానికీ బొగ్గుకూ పేరుపడ్డ సండర్‌లండ్ పట్టణపు జట్టు, వాట్సన్ నాయకత్వంలో 1892, 1893, 1895 సంవత్సరాల్లో మూడుసార్లు లీగ్ విజేతగా నిలిచింది. 1896లో లివర్‌పూల్ క్లబ్బు ఆయనకు ఏడాదికి 300 పౌండ్ల జీతం ఇవ్వజూపి తీసుకుపోయింది. అప్పటికి లివర్‌పూల్ పుట్టి నాలుగేళ్లే. రెండో డివిజన్ నుంచి అప్పుడే పైకి వచ్చిన ఆ క్లబ్బుకు చరిత్ర లేదు, ప్రధాన బిరుదుల్లేవు, ఉన్నదల్లా ఒక మహా ఓడరేవు నగరపు జనసంఖ్యా, ఆ జనం టిక్కెట్లకు చెల్లించే డబ్బూ మాత్రమే. ‘పెద్ద క్లబ్బు’ అన్న మాటకు అర్థం గెలిచిన పతకాల్లో కాక, గెలవగలిగే స్తోమతలో ఉందని ఈ తొలి ఉదంతమే తేటపరిచింది. వాట్సన్ వెళ్లిన మరుసటి సీజన్‌లో సండర్‌లండ్ పదహారు జట్లలో పదిహేనో స్థానానికి పడిపోయి, కింది డివిజన్‌కు దిగజారకుండా ‘టెస్ట్ మ్యాచ్’లనే అర్హతా పోటీల్లో ఆడి గట్టెక్కవలసి వచ్చింది. లివర్‌పూల్ మాత్రం ఆయన హయాంలోనే 1901లోను, 1906లోను లీగ్ గెలుచుకుంది.

వాట్సన్ కథ ఒక సూచన అయితే, హెర్బర్ట్ చాప్‌మన్ కథ ఈ చరిత్రకంతటికీ నమూనా అని చెప్పవచ్చు. యార్క్‌షైర్‌లోని ఉన్నిబట్టల మిల్లుల పట్టణమైన హడర్స్‌ఫీల్డ్‌లో 1919 నాటికి ఫుట్‌బాల్ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి, దాన్ని పొరుగునున్న లీడ్స్ నగరానికి తరలించాలన్న ప్రతిపాదన దాకా వ్యవహారం వెళ్లగా, పట్టణవాసులే డబ్బు పోగుచేసి దాన్ని నిలుపుకున్నారు. 1921లో మేనేజర్‌గా వచ్చిన చాప్‌మన్ మరుసటి ఏడాదే ఎఫ్‌ఏ కప్పును, అంటే దేశంలోని క్లబ్బులన్నీ పాల్గొనే నాకౌట్ పోటీని గెలిపించి, 1924, 1925లలో వరుసగా రెండుసార్లు లీగ్ విజేతను చేశాడు. అదే 1925లో లండన్ క్లబ్బు ఆర్సెనల్ మొదటి డివిజన్‌లోని 22 జట్లలో ఇరవయ్యో స్థానంలో ఉండి, తృటిలో దిగజారే గండం తప్పించుకుంది. దాని అధిపతి హెన్రీ నోరిస్ ‘అథ్లెటిక్ న్యూస్’ పత్రికలో మేనేజర్ ఉద్యోగానికి ప్రకటన ఇస్తూ, భారీ బదిలీ రుసుములు పోసి జట్టు కట్టడం తప్ప మరేమీ తెలియనివారు దరఖాస్తు చేయనక్కర్లేదని అందులో స్పష్టం చేశాడు. ఆటగాళ్ల కొనుగోలుపై ఇంత కాఠిన్యం చూపిన నోరిస్, మేనేజర్‌కు మాత్రం ఏడాదికి 2,000 పౌండ్లు ఇవ్వడానికి వెనుకాడలేదు. ఆనాటి గరిష్ఠ వేతన నిబంధన ప్రకారం అగ్రశ్రేణి ఆటగాడికి సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6 పౌండ్లు చొప్పున ఏడాదికి 400 పౌండ్ల లోపే ముట్టేది గనుక, చాప్‌మన్ జీతం దానికి అయిదు రెట్లకు పైనే. నిబంధన ఆటగాడి ధరకు కళ్లెం వేయడం వల్లనే మేనేజర్ ధర అంత ఎత్తుకు పోయిందనడానికి ఇంతకంటే స్పష్టమైన లెక్క మరొకటి దొరకదు.

ఆ తరువాత జరిగినదాన్ని తొందరపడి ఒక పతనగాథగా చెప్పడం సరికాదు. చాప్‌మన్ వెళ్లిన మరుసటి సీజన్‌లో కూడా, సెసిల్ పాటర్ ఆధ్వర్యంలో, హడర్స్‌ఫీల్డ్ లీగ్ గెలిచి వరుసగా మూడుసార్లు విజేత అయిన తొలి క్లబ్బుగా నిలిచింది. 1927, 1928లలో రెండో స్థానం పొందింది. చాప్‌మన్ కూర్చిన జట్టు, నేర్పిన ఆట కొంతకాలం వాటంతటవే నడిచాయి. కాని ఆ జట్టు పాతబడే కొద్దీ కొత్త జట్టును కూర్చగల చూపు హడర్స్‌ఫీల్డ్‌లో లేక, ఆర్సెనల్‌లో ఉండటం వల్ల, తూకం మెల్లగా దక్షిణానికి మొగ్గింది. 1930 ఎఫ్‌ఏ కప్పు ఫైనల్లో వెంబ్లీ మైదానంలో ఈ రెండు క్లబ్బులే తలపడగా, చాప్‌మన్ గౌరవార్థం రెండు జట్లూ పక్కపక్కన నడుస్తూ మైదానంలోకి రావడం, తరువాతి కాలంలో ఫైనల్ సంప్రదాయంగా స్థిరపడింది. ఆ పోటీలో ఆర్సెనల్ 2-0తో గెలిచి తన తొలి ప్రధాన బిరుదును అందుకుంది. 1931, 1933లలో లీగ్ కూడా గెలిచింది. 1926 తరువాత హడర్స్‌ఫీల్డ్‌కు లీగ్ విజయం మళ్లీ దక్కలేదు. పెద్ద క్లబ్బు మేనేజర్‌ను తీసుకుపోయినప్పుడు తగిలే దెబ్బ వెంటనే కాక, ఆయన వదిలివెళ్లిన ఆటగాళ్లు వయసు మళ్లాక తెలుస్తుందన్నది ఈ ఉదంతం నేర్పే పాఠం.

మూడు దశాబ్దాలు గడిచాక అదే హడర్స్‌ఫీల్డ్ మరో మేనేజర్‌ను పోగొట్టుకుంది. 1956 నుంచి అక్కడ పనిచేస్తున్న స్కాట్లండు వాసి బిల్ షాంక్లీ, రాన్ యేట్స్, ఇయాన్ సెంట్ జాన్ అనే ఇద్దరు ఆటగాళ్లను కొనమని యాజమాన్యాన్ని కోరగా, ఆ ఖర్చు వారి తాహతుకు మించిపోయింది. 1959 డిసెంబరులో ఆయన లివర్‌పూల్‌కు మారాడు. ఆ సమయానికి రెండు క్లబ్బులూ రెండో డివిజన్‌లోనే ఉన్నాయి. కొద్దివారాల ముందే హడర్స్‌ఫీల్డ్ లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది కూడా. పట్టికలోని స్థానాన్ని బట్టి చూస్తే అది పై మెట్టు ఎక్కడం కాదు; కోరిన ఆటగాణ్ణి కొనివ్వగల జనబలం, ధనబలం ఉన్నచోటికి మారడం. 1961లో ఆ ఇద్దరు ఆటగాళ్లూ లివర్‌పూల్‌కే వచ్చారు. 1962లో ఆ జట్టు మొదటి డివిజన్‌కు చేరి, 1964లో లీగ్ గెలిచింది. మేనేజర్‌ను ఆకర్షించేది ఎప్పుడూ సొంత జీతమే కాదనీ, తన మనసులోని జట్టును కట్టడానికి దొరికే వనరులూ అంతే బలంగా లాగుతాయనీ ఇక్కడ అర్థమవుతుంది.

స్కాట్లండులో పరిస్థితి మరింత తీవ్రంగా ఉండేది. అక్కడ గ్లాస్గో నగరపు సెల్టిక్, రేంజర్స్ క్లబ్బులు తక్కినవాటికంటే ఎంతో పెద్దవి కావడం వల్ల, చిన్న క్లబ్బు ఎంత ఎదిగినా తలమీద ఆ రెండింటి నీడ తప్పేది కాదు. డన్‌ఫర్మ్‌లిన్ జట్టుకు 1961లో స్కాటిష్ కప్పు గెలిపించిన జాక్ స్టీన్ 1964లో ఎడింబరోలోని హైబర్నియన్‌కు వెళ్లి, ఏడాది తిరక్కుండానే, 1965 మార్చిలో సెల్టిక్‌కు మారాడు. ఖాళీ అయిన కుర్చీలోకి హైబర్నియన్ తెచ్చుకున్నది డండీ క్లబ్బు మేనేజర్ బాబ్ షాంక్లీని. డండీకి 1962లో లీగ్ గెలిపించిన ఈయన బిల్ షాంక్లీకి సోదరుడు. పైనున్న ఒక్క కుర్చీ ఖాళీ అయితే కింద వరుసగా మూడు నాలుగు ఊళ్లు కదిలిపోయే గొలుసు వ్యవహారం ఇది. దోపిడీకి గురైన క్లబ్బే మరుసటి వారం తనకంటే చిన్నదాన్ని దోచవలసి వస్తుంది. స్టీన్ 1967లో సెల్టిక్‌ను యూరోపియన్ కప్ విజేతగా నిలిపాడు. రెండు దశాబ్దాల అనంతరం, గ్లాస్గో ఆధిపత్యాన్ని ఛేదించి అబర్డీన్‌కు మూడు లీగ్ విజయాలు అందించి, 1983లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు తెచ్చిన అలెక్స్ ఫెర్గూసన్, అంతకుముందు రేంజర్స్ సహా పలు క్లబ్బుల పిలుపులను కాదన్నప్పటికీ, 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ పిలుపుకు తలొగ్గాడు. 1985 తరువాత నాలుగు దశాబ్దాల్లో అబర్డీన్ మరోసారి లీగ్ గెలవలేదు.

ఈలోగా ఆటగాళ్ల కట్లు తెగుతూ వచ్చాయి. 1961లో గరిష్ఠ వేతనం రద్దయింది. 1963లో జార్జ్ ఈస్టమ్ వేసిన దావాలో ‘రిటైన్’ పద్ధతి అన్యాయమైన నిర్బంధమని న్యాయస్థానం తేల్చింది. 1995లో బోస్మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, గడువు తీరిన ఆటగాడు రుసుము లేకుండానే వెళ్లగలిగాడు. మేనేజర్ల విషయంలో ఇందుకు విరుద్ధంగా, కొత్తగా కట్లు వేసే ప్రయత్నం జరిగింది. ఒప్పందంలో ఉన్న మేనేజర్‌తో అతని క్లబ్బు అనుమతి లేకుండా మరో క్లబ్బు మాట్లాడరాదన్న నియమం అటువంటిదే. చాటుమాటుగా జరిపే ఇటువంటి రాయబారాన్ని ఫుట్‌బాల్ పరిభాషలో ‘ట్యాపింగ్ అప్’ అంటారు. 1993లో ఇంగ్లండు అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో మూడో స్థానం పొంది, అదే ఏడాది చివర మ్యూనిక్‌లోనే బయర్న్ జట్టును ఓడించిన నార్విచ్ సిటీ నుంచి మేనేజర్ మైక్ వాకర్‌ను 1994 జనవరిలో తీసుకుపోయినందుకు ఎవర్టన్‌పై జరిమానా పడింది. జరిమానా పడ్డా మేనేజర్ తిరిగి రాలేదు. నార్విచ్ 1995లో కింది డివిజన్‌కు జారిపోయింది. వాకర్ కూడా ఎవర్టన్‌లో ఏడాది నిలవలేదు. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ కలిసిరాని బేరం ఇదొక్కటే కాదు.

అభిమానుల ఆందోళన బాహాటంగా కనిపించిన చోటు లీసెస్టర్. 1994 నవంబరులో ఆ క్లబ్బు మేనేజర్ బ్రయన్ లిటిల్ ఆస్టన్ విల్లాకు వెళ్లగా, లీసెస్టర్ నేరుగా రెడింగ్ క్లబ్బు నుంచి మార్క్ మెగీని తెచ్చుకుంది. ఏడాది గడిచేసరికి, 1995 డిసెంబరులో, ఆ మెగీని వుల్వర్‌హాంప్టన్ తీసుకుపోయింది. అంతకుముందు, మెగీని పోగొట్టుకున్న రెడింగ్ 1994-95 సీజన్‌లో రెండో శ్రేణి లీగ్‌లో రెండో స్థానం సాధించినా, ప్రీమియర్ లీగ్ జట్ల సంఖ్యను 22 నుంచి 20కి కుదిస్తున్న ఏడాది కావడంతో నేరుగా పైకి వెళ్లే అవకాశం పోగొట్టుకుని, పైకి వెళ్లే మిగిలిన చోటు కోసం జరిగే ప్లేఆఫ్ ఫైనల్లో 4-3తో ఓడిపోయింది. రెండుసార్లు కాలిన లీసెస్టర్ అభిమానులకు మూడో మేనేజర్ మార్టిన్ ఓనీల్ కొండంత అండ అయ్యాడు. 1996లో జట్టును ప్రీమియర్ లీగ్‌కు చేర్చి, 1997లో లీగ్ కప్పు (లీగ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) గెలిపించాడు. 1998 అక్టోబరులో టాటెన్‌హామ్ క్లబ్బు లీడ్స్ నుంచి జార్జ్ గ్రాహమ్‌ను లాక్కోగా, లీడ్స్ దృష్టి ఓనీల్‌పై పడింది. ఆ నెల 19న ఫిల్బర్ట్ స్ట్రీట్ మైదానంలో జరిగిన మ్యాచ్‌కు వచ్చిన వేలాది ప్రేక్షకులు ‘వెళ్లొద్దు మార్టిన్’ అన్న కాగితాలు పైకెత్తి పట్టుకున్నారు. ఆ రాత్రి ప్రత్యర్థి జట్టు మరేదో కాదు, గొలుసును కదిపిన టాటెన్‌హామే. లీసెస్టర్ 2-1తో గెలిచింది, ఓనీల్ ఉండిపోయాడు, 2000లో మరో లీగ్ కప్పు వచ్చింది. అదే ఏడాది వేసవిలో ఆయన సెల్టిక్‌కు వెళ్లాడు. 2002లో లీసెస్టర్ కింది డివిజన్‌కు దిగజారి, అప్పులు తీర్చలేక కోర్టు నియమించే నిర్వాహకుల చేతుల్లోకి వెళ్లింది. ప్రేక్షకుల వేడుకోలుకు రెండేళ్ల గడువును సంపాదించే శక్తి ఉందనీ, అంతకుమించి లేదనీ లీసెస్టర్ అనుభవం తెలుపుతుంది.

వేడుకోలు ఫలించనప్పుడు అది శాపనార్థంగా మారుతుంది. 33 ఏళ్ల తరువాత బర్న్‌లీని అగ్రశ్రేణి లీగ్‌కు చేర్చిన ఓవెన్ కాయిల్, ఎనిమిది నెలలైనా కాకముందే, 2010 జనవరిలో అదే లంకషైర్ ప్రాంతపు బోల్టన్‌కు మారినప్పుడు, నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవారే ఆయన్ను ‘జూడాస్’ అన్నారు. ముప్పై వెండి నాణేలకు యేసును పట్టిచ్చిన శిష్యుడు ఇస్కరియోతు యూదా పేరు అది. 2009లో స్వాన్సీని వదిలి విగన్‌కు వెళ్లిన స్పెయిన్ దేశస్థుడు రొబెర్తో మార్తీనెజ్‌కు ‘ఎల్ జూడాస్’ అని స్పానిష్ తొడుగుతో అదే నింద దక్కింది. బర్న్‌లీ ఆ సీజన్ చివర దిగజారగా, బోల్టన్ కాయిల్ చేతి మీదుగానే 2012లో దిగజారింది. ఈ కోపానికి నైతికత కంటే స్థానం ముఖ్యమని చెప్పే ఉదాహరణ నార్విచ్‌దే. 2009 ఆగస్టులో మూడో శ్రేణి లీగ్ తొలి మ్యాచ్‌లో సొంత మైదానంలోనే కాల్చెస్టర్ చేతిలో 7-1తో చిత్తయిన నార్విచ్, పది రోజుల్లో ఆ కాల్చెస్టర్ మేనేజర్ పాల్ లాంబర్ట్‌నే తెచ్చుకుని, వరుసగా రెండేళ్లలో రెండు మెట్లెక్కి ప్రీమియర్ లీగ్ చేరింది. 2012లో లాంబర్ట్ ఆస్టన్ విల్లాకు వెళ్లినప్పుడు వాపోయినవారూ ఆ నార్విచ్ అభిమానులే.

2002 నుంచి ఆటగాళ్ల బదిలీలను వేసవికీ జనవరికీ పరిమితం చేయడంతో పాత అసమానత కొత్త రూపంలో తిరిగొచ్చింది. ఆటగాడు సీజన్ మధ్యలో కదలలేడు గాని, మేనేజర్ ఏ నెలలోనైనా వెళ్లవచ్చు. దీనికి క్లబ్బులు ఆశ్రయించిన విరుగుడు నష్టపరిహారం. మిగిలిన ఒప్పంద కాలానికి ధర కట్టి, కావాలన్న క్లబ్బు ఆ మొత్తం చెల్లించి తీసుకుపోవాలని ఒప్పందంలోనే రాసుకోవడం. 2022 సెప్టెంబరులో బ్రైటన్ నుంచి గ్రాహమ్ పాటర్‌నూ ఆయన సహాయకులనూ తీసుకుపోవడానికి చెల్సీ రెండు కోట్ల పౌండ్లకు పైగా చెల్లించింది. పరిహారం తలుపుకు తాళం వేయలేదు, తలుపుకు వెల కట్టింది. అయినా ఆ వెలను ఏం చేసుకోవాలో ముందే ఆలోచించి పెట్టుకున్న క్లబ్బుకు అది చిన్న సాయం కాదు. ఆటగాళ్ల ఎంపికను గణాంకాల ఆధారంగా నడిపే యంత్రాంగం మేనేజర్‌తో నిమిత్తం లేకుండా క్లబ్బు చేతిలోనే ఉండటం వల్ల, బ్రైటన్ రొబెర్తో డి జెర్బీని తెచ్చుకుని ఆ సీజన్‌లో ఆరో స్థానం పొంది, తొలిసారి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. పాటర్ 2023 ఏప్రిల్‌లోనే చెల్సీలో ఉద్వాసనకు గురయ్యాడు. అదే విధంగా, మార్తీనెజ్ తరువాత పావులో సౌసా, బ్రెండన్ రాజర్స్, మైకేల్ లౌడ్రుప్ వరుసగా మారినా, బంతిని పట్టుదప్పకుండా ఆడే ఒకే పద్ధతికి సరిపోయేవారినే ఎంచుకున్న స్వాన్సీ 2011లో ప్రీమియర్ లీగ్ చేరి, 2013లో లీగ్ కప్పు గెలిచింది. దీనికి ముందుతరం నమూనా లివర్‌పూల్‌లోనే ఉంది. షాంక్లీ వచ్చేనాటికే అక్కడ పనిచేస్తున్న బాబ్ పైస్లీ, జో ఫేగన్ వంటి శిక్షకులను ఆయన తొలగించకుండా నిలుపుకోగా, బూట్లు భద్రపరిచే ‘బూట్ రూమ్’ అనే చిన్న గదిలో సాగిన వారి చర్చల నుంచే, షాంక్లీ తరువాత 1974 నుంచి వచ్చిన మేనేజర్లలో పలువురు పుట్టుకొచ్చారు.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను ఈ వెలుగులో చూస్తే రెండు భిన్నమైన దృశ్యాలు కనిపిస్తాయి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు పోటీని గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకూ శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను ఏ కలకత్తా క్లబ్బూ తీసుకుపోలేదు. తులసీదాస్ బలరాం వంటి ఆటగాళ్లు మాత్రం అక్కడి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. అంటే ఇంగ్లండుకు తలకిందులుగా, ఇక్కడ కదిలింది ఆటగాడు, కదలనిది గురువు. అయినా 1963లో రహీమ్ మరణించాక హైదరాబాదు ఆటకు ఆ వైభవం తిరిగి రాలేదు. ఇటీవలి కాలంలో, 2022 ఇండియన్ సూపర్ లీగ్‌ను హైదరాబాదు ఎఫ్‌సీకి గెలిపించిన స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ 2023లో ఎఫ్‌సీ గోవాకు మారగా, ఆర్థికంగానూ చితికిపోయిన హైదరాబాదు జట్టు 2023-24 సీజన్‌లో పట్టిక అట్టడుగున నిలిచింది. గురువును మృత్యువు తీసుకుపోయినా, మరో క్లబ్బు తీసుకుపోయినా, ఆయన విద్యను దాచుకోవడానికి ఒక సంస్థ లేకపోతే ఫలితం ఒకటే.

ఇంగ్లండు లీగ్ వ్యవస్థలో క్లబ్బు ఎంత బాగా ఆడినా ఏడాదికి ఒక్క మెట్టే ఎక్కగలదు. మేనేజర్ మాత్రం ఒక్క సంతకంతో రెండు మూడు మెట్లు దాటగలడు. ఈ వేగాల తేడా ఉన్నంతకాలం చిన్న క్లబ్బు సాధించే ప్రతి విజయమూ దాని మేనేజర్‌కు ప్రకటనగా పనిచేస్తుంది గనుక, అభిమానుల భయం నిరాధారమని ఎవరూ అనలేరు. అయితే నూటపాతికేళ్లకు పైబడిన ఈ చరిత్రను వరుసగా చదివితే, నష్టం ఎంతన్నది మేనేజర్ వెళ్లిన రోజున తేలేది కాదనీ, ఆటగాళ్లను ఎంచే చూపునూ ఆటతీరునూ ఆయన ఒక్కడి తలలో ఉండనిచ్చారా, క్లబ్బుకు నేర్పించుకున్నారా అన్నదాన్ని బట్టి అది ఎప్పుడో నిర్ణయమైపోతుందనీ తెలుస్తుంది. అందువల్ల అభిమానులు యాజమాన్యాన్ని నిలదీయవలసిన ప్రశ్న ఆయన్ను ఎలా ఆపుతారన్నది కాక, ఆయన ఉండగానే తరువాతివారిని ఎలా సిద్ధం చేస్తున్నారన్నది.